బాపు ఆగిన చోటు

నల్గొండ,
మంగళవారం.

అన్నకు, వదినకు మీ చెల్లె మంజుల దండాలు పెట్టి రాసేది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. బాపు చెయ్యి కొంచెమైనా లేస్తున్నదా? అవ్వ దగ్గు తగ్గిందా? గొర్లకు మందు తాగించావా? కలం పట్టగానే నాకు బడి భాష వస్తుంది, నవ్వకండి. ఫోన్ చేద్దామంటే నువ్వు స్పీకరు పెడతావు, పక్క మంచంలో బాపు వింటాడు. ఆయన చెవిన పడకూడని మాట కాబట్టే ఈ కాగితం. చదివి పొయ్యిలో పెట్టు.

ఇక్కడ ఎండ మన ఎండే, నీళ్ళే వేరు. జొన్నరొట్టె చేసుకునే ఓపిక లేక మెస్సులో తింటున్నాను. పప్పులో పప్పు వెతుక్కోవాలి. ఆదివారం వస్తే మాట్లాడే మనిషి ఉండడు. ఇంటి ఓనరమ్మ "తిన్నవా టీచరమ్మా?" అంటుంది, జవాబు వినకముందే లోపలికి పోతుంది. అయినా ఫికర్ చేయకండి, బాగానే ఉన్నాను.

మా బడిలో పాత నాటకాలు చెప్పడానికి కళ్ళకు పెట్టుకునే వీఆర్ డబ్బాలు వచ్చాయని చెప్పాను కదా. తలకు తగిలించుకుంటే పిల్లలు ఆట నడుమ నిలబడినట్టే ఉంటుంది. ఇటు తిరిగితే వేషగాడు, అటు తిరిగితే జనం. ఆ కంపెనీవాళ్ళు భాగవతం ఆడేవాళ్ళు కావాలంటే, రాణి వేషంలో మా బాపును మించినవాడు కల్వకుర్తి దిక్కున లేడని చెప్పింది నేనే. గొప్పకు చెప్పాను. తీరా షూటింగు నాడు బడిలో తనిఖీ ఉందని నేనే రాలేదు. బాపును నువ్వు తీసుకుపోయావు. "బిడ్డ లేకుంటే వంత ఎవరందుకుంటరు?" అని బాపు అడిగితే, "వంత తర్వాత కలుపుతం, నువ్వు పాడు పెద్దాయనా" అన్నారని నువ్వే చెప్పావు. నెల తిరగలేదు, పక్షవాతం వచ్చి ఆ గొంతు పడిపోయింది.

పోయిన నెల తొమ్మిదో తరగతిలో ఆ పాఠం మొదటిసారి వేశారు. పిల్లలతోపాటు నేనూ డబ్బా పెట్టుకున్నాను. అన్నా, బాపు మూరెడు దూరంలో ఉన్నాడు. ముఖానికి పచ్చటి అర్దళం పూత, ముక్కుకు బులాకీ, ఒంటి మీద అవ్వ పెళ్ళి చీర. బిడ్డను పోగొట్టుకున్న రాణి ఏడుపు మొదటి చరణం పాడాడు. పాడి, ఎప్పటిలాగే చివరి మాట వదిలేసి ఎడమ పక్కకు తిరిగాడు. నాకు ఏడేళ్ళప్పటి నుంచి నేను నిలబడే జాగా అది. వంత అందుకుంటే తప్ప రెండో చరణం ఎత్తుకోకపోవడం మన ఆట పద్ధతి. వాళ్ళేమో ఏ వంతా కలపలేదు. బాపు చూస్తూనే ఉన్నాడు. అందుకో అన్నట్టు వేళ్ళు కదిపాడు. నేను క్లాసు సంగతే మరిచిపోయి గొంతెత్తి అందుకున్నాను.

పిల్లలు పకపకా నవ్వారు. "టీచర్, గీ రాణి కదుల్తలేదు, సెట్ హ్యాంగ్ అయినట్టుంది" అంది ఒక పిల్ల. హ్యాంగ్ కాలేదే తల్లీ, నా కోసం చూస్తున్నాడు అని మనసులోనే అనుకున్నాను. కొంతసేపు చూసి బాపు తల వంచుకుని తనే రెండో చరణం మొదలుపెట్టాడు. ఆ రోజు బాత్రూములో తలుపు వేసుకుని ఏడ్చాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కొరివితో తల గోక్కున్నాను. కంపెనీకి ఫోన్ చేసి, ఫలానా చోట వంత లేదు, నేను పాడి పంపుతాను, కలపండి అన్నాను. చూస్తం అన్నారు. నిన్న మార్చిన పాఠం వచ్చింది. ఆశగా డబ్బా పెట్టుకున్నాను. బాపు మొదటి చరణం పాడాడు, ఆ వెంటనే రెండోది. ఎడమ పక్కకు తిరగనే లేదు. గాబరాగా ఫోన్ చేస్తే, "ఆ ఖాళీ తీసేసినం మేడం, ఇప్పుడు సాఫీగ నడుస్తది" అన్నాడు అవతలాయన, మేలు చేసినట్టు. పాతదైనా ఇవ్వమన్నాను. "అది లేదు మేడం, దాని మీదనే ఎక్కించినం" అన్నాడు.

ఈసారి పిల్లలెవరూ నవ్వలేదు. బుద్ధిగా చూసి, ప్రశ్నలకు జవాబులు రాసుకున్నారు. అన్నా, బాపు నన్ను చివరిసారి పిలిచిన పిలుపు అది. చెప్పి మరీ నేనే తీయించుకున్నాను. ఆయన మళ్ళీ పాడడు, నేను మళ్ళీ అందుకోను. నాకు ఇక్కడ అన్నం సయించడం లేదు, పాఠం చెప్పబుద్ధి కావడం లేదు. అవ్వతో అనకు, బెంగపడుతుంది.

దసరా సెలవులకు డబ్బా తెచ్చి చూపిస్తానని బాపుకు మాటిచ్చాను. మంచి చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని రోజూ అడుగుతున్నాడని వదిన చెప్పింది. నేను తేను, అన్నా. బడివాళ్ళు బయటికి ఇవ్వరని చెప్పు. వంత కోసం ఆగకుండా ఒక్క చరణమైనా పాడిన మనిషి కాదు ఆయన. పద్ధతి తప్పి పరుగెత్తుతున్న తనను తాను చూసుకుంటే తట్టుకోలేడు.

వీలైతే బస్సులో కొంచెం జొన్నపిండి, చింతకాయ తొక్కు పంపు. అవ్వ కాళ్ళకు నా దండాలు. నువ్వూ వదినా నన్ను చల్లగా ఉండమని దీవించండి. డబ్బా రాదని ఎంత చెప్పినా వినక, బిడ్డ వంత అందుకున్నదా అని బాపు సైగ చేస్తాడు. అందుకున్నదని చెప్పు. ఒక్క క్షణం కూడా ఆగనీయలేదని చెప్పు.

మీ చెల్లె,
మంజుల