ముందు నీ మండీకే వస్తాను

ఖాజాగూడ,
ఆదివారం

అన్నకు సుజాత నమస్కారాలు.

నేను ఆరోగ్యంగానే ఉన్నాను. మీరంతా ఎలా ఉన్నారు? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో ‘ఏం పాపా, బాగుండావా?’ అని నువ్వు అడగగానే బాగున్నానని చెప్పి పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ రోజూ సాయంత్రం వానే. కాళ్లు తడవకుండా హాస్టలు చేరిన రోజు లేదు. వారం నుంచి ముద్ద దిగడం లేదు. నిన్న హాస్టలు నడిపే లక్ష్మమ్మ నా కంచం చూసి, “ఏంది బిడ్డా, గిట్ల కెలికి లేస్తున్నవ్? ఏమన్న ఫికరా?” అంది. ఏమీ లేదన్నాను. ఉంది.

మా కంపెనీ పని నీకు తెలుసు. ఎవరైనా కొత్త యాప్ తేవాలనుకుంటే, అది ఎవరికి కావాలో, ముందు ఏ ఊళ్లో మొదలుపెట్టాలో మేం చెబుతాం. ఇప్పుడొచ్చింది చీనీకాయల యాప్, ఇక్కడివాళ్ల మాటలో బత్తాయిల యాప్. రైతు తోటలోంచే ఫొటో పెడితే ఢిల్లీ వ్యాపారి ధర చెప్పి లారీ పంపుతాడు. మధ్యలో వేలం, కమీషను, మండీ ఏవీ ఉండవు. అంటే నువ్వుండవు.

మొదటి ఊరు ఏదన్న మాట రాగానే మా మేనేజరు, “మీది అనంతపురమే కదండీ! మీ యాస వింటే రైతులు ఇట్టే నమ్ముతారు. మీరే వెళ్లండి,” అన్నాడు. ఇన్నాళ్లూ నా యాసకు నవ్విన వాళ్లే చప్పట్లు కొట్టారు. ఒళ్లు మండింది. అక్కడ మా అన్నకు మండీ ఉందని చెప్పాను. “ఇంకా మంచిదండీ, అందరూ తెలిసినవాళ్లే!” అన్నాడు.

కోపం తెచ్చుకోకు అన్నా. రైతుకు ఇది మేలేనని నాకూ అనిపిస్తోంది. నీ మండీలో తన కాయలకు వచ్చిన ధర చూసి చిన్నాన్న నీతో మాట్లాడకుండా వెళ్లిపోయిన రోజు మరచిపోలేదు. నన్ను చదివించింది కూడా ఆ మండీయేనని మరచిపోలేదు. ఎటూ తేల్చుకోలేక ఏడుపొస్తోంది. నేను కాదంటే ఇంకొకరు వస్తారు. వాళ్లు నీకు చెప్పి రారు.

రేపు కాదు, ఆ పై సోమవారం పొద్దున బస్సు దిగుతాను. తోటలకు పోను, ముందు నీ మండీకే వస్తాను. రైతులకు చెప్పబోయేదంతా మొదట నీకే చెబుతాను. విన్నాక తిట్టాలనిపిస్తే తిట్టు.

వదినను కాస్త చెనిక్కాయల పొడి కొట్టి ఉంచమను, ఇక్కడి పల్లీల పొడికి ఆ రుచి లేదు. ఇంటికి రమ్మంటే అక్కడే తింటాను. వద్దంటే డబ్బాలో పెట్టి మండీకి పంపమను.

పెదనాన్నకు నమస్కారాలు, నీ పాపకు ముద్దులు. నీ దీవెన అడిగే ధైర్యం ఈసారి లేదు. ఇవ్వాలనిపిస్తే నీ దగ్గరే ఉంచు, వచ్చి తీసుకుంటాను.

నీ చెల్లెలు,
సుజాత