మిషన్ మీద నింద

2003 జూన్ 9, సోమవారం. ధర్మవరం

వీడియో గేముల షాపు తెరిచి నేటికి ఏడాది. టెంకాయ కొట్టాను. హిందూపురంలో కొన్న పెద్ద టీవీ ఇంకా కొత్తదానిలాగే ఉంది, చిన్నది మాత్రం నెత్తిన ఒకటి వేస్తేగానీ పలకదు.

ఎదురు టీ అంగడి పెద్దాయన మళ్లీ మొదలుపెట్టాడు. "ఆ తన్నులాటలు చూసి చూసి ఈ మగ్గాల పిల్లోళ్లు ఒకర్నొకరు తన్నుకుంటారు, చూస్తాండు."

ఊరుకుంటానా? మా తాత కాలంలో కనగానపల్లిలో చేను గట్టు కోసం నాలుగు తలలు పగిలాయి. వాళ్లు ఏ గేమ్ ఆడి నేర్చుకున్నారు, ఏ టీవీ ముందు కూర్చున్నారు అని అడిగాను. ఆయన గ్లాసులు కడుక్కుంటూ లోపలికి పోయాడు. ఇలాంటి వాదనలో నన్ను గెలిచేవాడు ఈ వీధిలో ఇంకా పుట్టలేదు.

జూన్ 10

గంగాధర్ ఇవాళ కూడా ఓడిపోయాడు. అదే రెండు బొమ్మలు కొట్టుకునే గేమ్. అందరూ బటన్లు ఊడిపోయేలా బాదుతారు. ఇతను కాచుకునే బటన్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటాడు. ఎదుటివాడు తంతూనే ఉంటాడు, ఇతని బొమ్మ చేతులు అడ్డం పెట్టుకుని నిలబడే ఉంటుంది.

చూడలేక వెనక నుంచి నేనే అరిచాను. "కొట్టు గంగా, కొట్టు! ఎంతసేపు పడతావు?"

"టైమ్ అయిపోయేదాకా నిలబడితే చాలన్నా" అన్నాడు.

ఇరవై రెండేళ్లు. తండ్రి పోయాక మగ్గం గుంటలో తనే కూర్చున్నాడు. పోగుపోగూ చూసుకుంటూ పట్టుచీర నేసేవాడికి ఆ ఓపిక ఉంటుందిలే.

జూన్ 12, గురువారం

చూసింది చూసినట్టు రాసిపెడతాను.

కాన్పుకు పెనుకొండ పుట్టింటికి పోయిన నా భార్య శాంతకు ఒక చీర పంపుదామని, గంగాధర్ వాళ్లకు నేతపని ఇచ్చే షావుకారు ఇంటికి పోయాను. చీరలు పరిచి చూపిస్తున్నాడు. అప్పుడే గంగాధర్ నేసిన చీర తీసుకొచ్చాడు. అంచులో ఒకచోట పోగు తప్పింది. షావుకారు ఆ చీరను ఉండచుట్టి వాడి మొహాన కొట్టాడు. "మీ నాయన చేయీ వణుకే, నీ చేయీ వణుకే. వంశమే అట్లాంటిది."

గంగాధర్ కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత కొట్టాడు. ఒక్కటే, చెంప మీద, అరచేత్తో. షావుకారు కళ్లద్దాలు ఎగిరి చీరల మీద పడ్డాయి.

బయటివాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను. చీర కొనకుండానే వచ్చేశాను.

జూన్ 13

మధ్యాహ్నానికి ఊరి నోట ఆ చెంపదెబ్బ ఎగిరి తన్నిన తన్నయింది. సాయంత్రానికి గాల్లో గిరికీ కొట్టి గుండెల మీద తన్నాడట. "గేమ్‌లో ఎట్లుంటాదో అట్లే తన్నినాడంట!" ఇంతకీ గంగాధర్‌కు ఆ గేమ్‌లో తన్నే బటన్ ఏదో కూడా తెలియదు.

టీ అంగడి పెద్దాయన నన్ను చూసి తల ఊపాడు, అంతే. నవ్వొచ్చింది. ఒళ్లు కూడా మండింది.

జూన్ 14

ఒక్కడూ రాలేదు. టీవీలు తుడిచాను.

జూన్ 15, ఆదివారం

చేనేత సంఘం గదిలో పంచాయతీ. పెద్దలు ముందే మాట్లాడుకుని వచ్చారని చూడగానే అర్థమైంది. షావుకారును కొట్టినవాడికి ఈ ఊళ్లో ఇంకే షావుకారూ మగ్గానికెక్కించే పట్టుపోగుల వార్పు ఇవ్వడు. వార్పు లేకపోతే మగ్గం ఉత్త కట్టె. అందుకని ఒక దారి వెతికారు: తప్పు గంగాధర్‌ది కాదు, గేమ్ మిషన్‌ది. పిల్లోడు దానివల్ల చెడిపోయాడు. షావుకారు కాళ్లు మొక్కితే మళ్లీ వార్పు ఇస్తాడు, నేను షాపు మూసేస్తాను. అందరికీ బాగుంది.

షావుకారుకైతే మరీ బాగుంది. తను అన్న మాట ఎవరూ అడగరు కదా.

గంగాధర్‌ను నిలబెట్టి అడిగారు. తలెత్తకుండా "ఆ గేమే... దాంతోనే అట్లయిపోయింది" అన్నాడు.

నాకు మండిపోయింది. లేచి నిలబడి అనేశాను: "ఆ కొట్టేది నా షాపులో నేర్చుకున్నది కాదు. రేపు కాక పై సోమవారం ఆంజనేయస్వామి ముందర కర్పూరం ఆర్పుతా. యాడైనా సరే, ఎవరి ముందరైనా సరే!"

కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాక దానిమీద ఇంకెవరూ మాట్లాడరు ఇక్కడ. అబద్ధం ఆర్పినవాడి ఇల్లు నిలబడదంటారు. ఆర్పుతానని చెప్పి గుడికి పోకపోతే తప్పు ఒప్పుకున్నట్టే.

నేనెందుకు భయపడాలి? కళ్లారా చూశాను.

జూన్ 16

పెనుకొండకు ఫోన్ చేశాను. శాంత అంతా విని నవ్వింది. "నువ్వు వాదనకు దిగితే బువ్వ గూడా గుర్తుండదు బావా." తర్వాత నవ్వు ఆపి, "నువ్వు కర్పూరం ఆర్పితే ఆ పిల్లోని గతేమి?" అంది.

నిజం నిజమే కదా అన్నాను. రూపాయి అయిపోయి లైన్ కట్టయింది. మళ్లీ చేయలేదు.

జూన్ 18, బుధవారం

గంగాధర్ వచ్చాడు. అలవాటు కొద్దీ కుర్చీ లాక్కున్నాడు, మళ్లీ లేచి నిలబడ్డాడు.

"ఎందుకప్పా అబద్ధం చెప్పినావు?" అని అడిగాను. మెల్లగానే అడిగాను.

"అంతా అబద్ధం గాదన్నా." టీవీ వైపే చూస్తూ చెప్పాడు. "ఆయప్ప మా నాయనను అన్నప్పుడు గూడా ఓర్చుకుందామనే నిలబడినా. అప్పుడు నీ గొంతు వినబడింది. కొట్టు గంగా, ఎంతసేపు పడతావు అని."

పోయేటప్పుడు కుర్చీ సర్ది పోయాడు.

నిజంగా వినబడిందా? నన్ను ఆపడానికి అన్నాడా? అంత ఆలోచించి మాట్లాడేవాడు కాదు. కానీ మగ్గం పోతుందంటే ఎవడికైనా తెలివి వస్తుంది.

జూన్ 19

గేమ్ వల్ల మనిషి కొట్టడు. ఈ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను, ఎవరొస్తారో రమ్మను. ఇంకొకడి ముందర మొహాన చీర కొడితే ఓర్చుకోగలిగేది ఎవడు?

కానీ పంచాయతీలో నేను గేమ్ అనలేదు. నా షాపు అన్నాను. షాపులో మిషన్ ఒక్కటే లేదు, నేనూ ఉన్నాను. ఏడాదిగా వెనక నిలబడి కొట్టు, తన్ను, వదలొద్దు అని అరుస్తున్నది నేనే. అరిస్తే వాళ్లకు హుషారు, ఇంకో ఆట ఆడతారు.

ఒట్టి అరుపులు. దానికేముంది...

జూన్ 20, శుక్రవారం

గంగాధర్ తల్లి వచ్చింది. నేను మిషన్ చూపించబోయాను, మీ వాడు దీంట్లో ఎవర్నీ కొట్టడమ్మా అని. ఆమె అటు చూడనైనా లేదు.

"నాకు అవన్నీ తెలీవప్పా. నీ మిషన్‌కు నోరు లేదు. దానిమీద ఒక మాట పడితే దానికేం పోతాది? నా కొడుకు మీద పడితే మగ్గం పోతాది."

"నా షాపు పోతుంది కదమ్మా."

"నువ్వు మాటకారివి. యాడైనా బతుకుతావు."

లోపలికి పోయి మజ్జిగ తెచ్చాను. ఆమె తాగలేదు, గ్లాసు అట్లే ఉంది.

జూన్ 22, ఆదివారం

రేపు పొద్దున ఏడింటికి గుడి దగ్గర. కర్పూరం పొట్లం, తమలపాకు తెచ్చిపెట్టుకున్నాను. టీ అంగడి పెద్దాయన "పోతాండావా?" అని అడిగాడు. "పోక?" అన్నాను.

మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని పెద్ద టీవీ ముందు కూర్చున్నాను. ఏడాదిలో ఒక్కసారి కూడా ఆడలేదు, ఆడించడమే. గంగాధర్ తీసుకునే బొమ్మనే తీసుకున్నాను. అవతలి బొమ్మను మిషన్ ఆడిస్తుంది. కాచుకునే బటన్ పట్టుకున్నాను. టైమ్ అయ్యేదాకా నిలబడితే చాలు, ఎవరూ అరిచేవాళ్లు కూడా లేరు.

అది తన్నింది. మళ్లీ తన్నింది. ఇది వట్టి బొమ్మ అని నాకు తెలుసు.

సగం టైమ్ కూడా నిలబడలేకపోయాను. కాచుకునే బటన్ వదిలి కొట్టేశాను.