కట్టెల కొట్టంలో మిగిలినవాళ్ళం

ఆత్మకూరు,
ఆదివారం.

నాయనకు నమస్కారాలు.

మన రాహేలును హాస్టలు నుంచి పంపించేస్తున్నారు. అందుకే పండగ దాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను. ముందుగా, ఈ ఉత్తరం చదివి వినిపించే పంతులుగారికి ఒక మనవి. నాయన బాధపడతాడని మంచి మాటలు మాత్రం ఏరి చదవకండి. ఉన్నది ఉన్నట్టు వినిపించండి.

మీరంతా కులాసాయేనా? అవ్వ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పెద్దక్క రోడ్డు పనికి పోతూనే ఉందా? ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, దిగులుపడొద్దు. ఆషాఢం దాటినా వాన జాడ లేదు. బడి బావి అడుగంటింది. రెండు పూటలా జొన్న సంగటి, నీళ్ళ చారు. అవ్వ నూరే గోంగూర గుర్తొస్తే ముద్ద దిగదు. చెల్లెలు పక్కనే ఉన్నా సాయంత్రమయ్యేసరికి మన ఊరి వైపు పోయే వింజమూరు బస్సు చప్పుడుకి ప్రాణం కొట్టుకుంటుంది. అయినా బాగానే ఉన్నాం.

పోయిన వారం మద్రాసు నుంచి దాతలు వచ్చారు. ఇక మీదట ఎందరు ఆడపిల్లలకు తిండి, బట్ట ఇవ్వాలో చూసి పోవడానికి వచ్చారు. ఆ పొద్దున మా పెద్ద టీచరమ్మ పిల్లలను వరసలో నిలబెట్టి, గడ్డం పట్టుకుని ఒక్కొక్కరి ముఖం ఎత్తి చూసింది. బుగ్గలున్నవాళ్ళను, జుట్టు ఒత్తుగా ఉన్నవాళ్ళను ఏరి వరండాలో కూర్చోబెట్టింది. రాహేలు చేతులకు గజ్జి.

"ఇది లోపలికి. వాళ్ళు చూస్తే అసహ్యపడతారు" అంది.

గజ్జి ఉన్నవాళ్ళనూ, బక్కచిక్కినవాళ్ళనూ కట్టెల కొట్టంలోకి తోలారు. టీచరునే గదా అని నేను వరండా వైపు నడవబోతే పెద్ద టీచరమ్మ నన్ను కూడా కిందికీ మీదికీ చూసింది.

"నీ చీర వెలిసిపోయుండాది. నువ్వూ లోపలే ఉండు. వీళ్ళు అరవకుండా చూసుకో."

బయట గొళ్ళెం పడింది. వరండాలోని పిల్లలు కొందరు తడిక దగ్గరకొచ్చి "తాలు! తాలు!" అని నవ్వారు. చేటలో ఎగిరిపోయే పొట్టు గింజలమట మేము. రాహేలు నా ఒళ్ళో కూర్చుంది.

"అక్కా, పెద్ద టీచరమ్మ సెలక్షన్, సెలక్షన్ అంటాండాది. అంటే ఏంది?"

"ఏరడం."

"మన పెద్దక్క విత్తనానికి శనక్కాయలు ఏరినట్టా?"

"అట్లాగే."

"ఏరంగా మిగిలిన చిన్న కాయలు మనం ఉడకేసుకుని తింటాం గదా. మరి మమ్మల్ని ఏం చేస్తారు?"

నేను దాని చేతులు నా కొంగులో చుట్టాను. అప్పుడే తడిక అవతల మద్రాసు ఆయన గొంతు వినబడింది. "పిల్లలంతా వీళ్ళేనా?"

"వీళ్ళేనండీ" అంది పెద్ద టీచరమ్మ.

"ఆరోగ్యంగా ఉన్నారే! కరువు అన్నారు, పాలపొడి కావాలన్నారు. ఇక్కడ అవసరం కనబడటం లేదు."

నాయనా, మంచివాళ్ళను చూపిస్తే ఎక్కువ ఇస్తారని ఆమె అనుకుంది. వాళ్ళు చూసిన పిల్లలకు మాత్రమే తిండి మంజూరు చేసి, పాలపొడి లేదని పోయారు. దాచిపెట్టిన పిల్లల సంగతి ఇప్పుడు బయటపెట్టడానికి ఆమెకు వీల్లేదు. కాబట్టి కొట్టంలో ఉన్న పిల్లలంతా ఈ నెల ఇరవై ఒకటికల్లా ఇళ్ళకు పోవాలి.

నేను వెళ్ళి ప్రాధేయపడ్డాను. "నీ చెల్లెలు కాబట్టి ఉంచుతాలే. బదులుగా వరండా పిల్లల్లో ఒకదాని పేరు చెప్పు, పంపించేస్తాను. ఆ దుత్తలూరు కరుణమ్మ ఉండాది గదా, అడిగేవాళ్ళెవరూ లేరు దానికి" అంది. తల్లీ తండ్రీ లేని పిల్ల కరుణమ్మ. నేను పేరు చెప్పలేదు. చెప్పను.

బజారు వెనక ఒక గది చూశాను. నా జీతంతో రాహేలును దగ్గర పెట్టుకుని బడికి పంపుతాను. కానీ ఇంటామె "పెద్దదిక్కు లేకుండా వయసు పిల్లకి ఇల్లియ్యను తల్లీ, ఊరి నోళ్ళు మంచివి గావు" అంటోంది. అవ్వను పంపించు.

రాహేలు ఇంటికొస్తే రోడ్డు పనికి ఇంకో రెండు చేతులు దొరుకుతాయని నీకు తోచవచ్చు. ఒక్క సంగతి గుర్తు చేసుకో నాయనా. మాలో ఒకరినే చదివిస్తానన్నప్పుడు గట్టిగా ఉండే పెద్దక్కను చేనికి ఏరుకున్నావు. "ఇది గంప మొయ్యలేదు, బడికన్నా పోనీ" అని నన్ను తోలినావు. ఆ రోజు నీ చేటలో తాలును నేనే. నన్ను నువ్వు పారెయ్యలేదు. దీన్నీ పారెయ్యకు.

అవ్వకు, పెద్దక్కకు, పంతులుగారికి నా నమస్కారాలు. మీ ప్రార్థనల్లో మమ్మల్ని ఇద్దరినీ తలుచుకోండి. అవ్వ వస్తుందో రాదో ఈ నెల ఇరవయ్యో తేదీ లోపల నాకు చేరేటట్టు జవాబు రాయించు. రాకపోతే ఇరవై ఒకటిన రాహేలును వింజమూరు బస్సు ఎక్కించడం తప్ప నాకు వేరే దారి లేదు.

నీ కూతురు,
రూతమ్మ