ఇమాంబాడా గోడలో అబ్బూ దగ్గు

లక్నో, మంగళవారం

అమ్మీకి సలాం. అబ్బూ నా చదువు మాన్పించేస్తారని ఇంక బెంగపడకు.

నిన్న యూనివర్సిటీ నేస్తాలతో ఇమాంబాడాకి వెళ్ళాను. నవాబుల నాటి కట్టడం, ఆ పనితనం ఏం చెప్పను! ఆ చివర అగ్గిపుల్ల గీస్తే హాలు దాటి ఈ చివర గోడలో వినబడుతుంది. గైడు పుల్ల గీసి వెళ్ళాక అదే గోడలోంచి అబ్బూ దగ్గు! ఆ చివర తన పక్కనున్న రఫత్ మామూతో గుసగుసలు: "ఇంటికి లాక్కుపోదామనే వచ్చానోయ్. చిక్కిపోయింది గానీ, ఎలా నవ్వుతోందో చూడు! చదువుకోనీలే."

లక్నో వాళ్ళెవరూ అక్కడ గుట్టు విప్పరు. పాపం, అబ్బూకేం తెలుసు? నాకు కనబడకుండానే వెళ్ళిపోయారు.

మేక ఈనిందా? మామిడి ఊరగాయ పంపు. ఈ కార్డు దాచెయ్. అబ్బూ విత్తనాలకు హర్దోయీ వెళ్ళొచ్చానంటారు, నమ్మినట్టే ఉండు. దగ్గుకు మాత్రం అడక్కుండానే అల్లం చాయ్ పెట్టివ్వు.

నీ నిఖత్