ఇరవై మూడు 'నేను'లు

షామీర్‌పేట,
జూన్ 3

తుర్కపల్లి మందుల కంపెనీలో కొలువులిచ్చే అధికారి శేషారత్నం అమ్మగారికి, చెరువు కట్ట కింద ఉండే ఓదెలు రెండు చేతులెత్తి మొక్కి రాసుకునేది.

ఇక్కడ నేను, నా భార్య దుర్గాబాయి క్షేమం. అక్కడ మీరు, మీ కంపెనీ, మీ మందులు క్షేమమని తలుస్తాను.

అమ్మా, మీ కాగితం అందింది. మా బిడ్డ సుచిత్ర మీ దగ్గర జనరల్ మేనేజర్ కొలువుకు దరఖాస్తు పెట్టిందని, ఆమె గుణం, నలుగురిని నడిపించే తీరు చిన్నప్పటి నుంచి ఎరిగినవాడిగా నా పేరు ఇచ్చిందని, తెలిసింది రాయమని అడిగారు. కంపెనీ ముద్ర ఉన్న కవరు మా గడపకు రావడం ఇదే మొదలు. సంతోషం పట్టలేక పోస్ట్‌మ్యాన్‌కు రెండు కిలోల బొచ్చె చేప ఇచ్చాను. ఆయన చేపలు తినడట, అయినా కాదనలేకపోయాడు.

ముందుగా ఒక క్షమాపణ. మా పక్కింటి శృతి డిగ్రీ చదివింది. ఇంగ్లీషులో ఉన్న సుచిత్ర దరఖాస్తు నకలు ఆమెతో చదివించుకున్నాను. అందులో 'నేను నడిపించాను, నేను నిర్ణయించాను, నేను కాపాడాను' అని ఇరవై మూడు చోట్ల ఉంది. వేలు పెట్టి లెక్కించాం. నాకు తల కొట్టేసినట్టయింది. దరఖాస్తులు ఎలా రాయాలో నేర్పే క్లాసుకు బిడ్డ నెల రోజులు పోయింది. 'మేము' అని ఎక్కడా రాయొద్దు, 'నేను' అనే రాయాలి అని అక్కడి సారు చెప్పాడట. అద్దం ముందు నిలబడి 'నేను, నేను' అని ఆమె వల్లె వేస్తుంటే, గాలి సోకిందేమోనని దుర్గాబాయి వేపమండలు తెచ్చింది.

మా పెంపకం అటువంటిది కాదమ్మా. మా చేపల సంఘంలో తాతల నాటి కట్టు ఒకటి ఉంది. వల ఎవరు లాగినా, పడ్డ చేపను పెద్దమనిషి పేరు మీదనే చెప్పాలి. 'నేను పట్టిన' అన్నవాడి వల మర్నాడు ఉత్తగా వస్తుంది. మా పెద్ద గండయ్య అన్న. ముప్పై ఏళ్ల కింద తూము తలుపు విరిగి చెరువు ఖాళీ అవుతుంటే నేను మునిగి ఇసుక సంచులు కుక్కాను. తర్వాత అక్కడ రాయి పాతి గండయ్య అన్న పేరు చెక్కారు. ఇప్పటికీ రోజూ దాన్ని చూసి మురిసిపోతాను. బిడ్డకూ ఉగ్గుపాలతో అదే నేర్పాను. కాబట్టి ఆ ఇరవై మూడు 'నేను'లు ఆమెవి కావు, క్లాసు సారువి. వాటిని కొట్టేసి చదువుకోగలరు.

ఇట్లు,
ఆనందంతో కాలు నిలవని
ఓదెలు

తా.క.: మీ కాగితంలో 'అభ్యర్థి బలహీనతలు' అని ఒక గడి ఉంది. చలికాలంలో జలుబు చేస్తుంది. అంతకు మించి ఏమీ లేదు. దీనితో పాటు ఎండు రొయ్యల పొట్లం పంపుతున్నాను.


తుర్కపల్లి,
జూన్ 11

శ్రీ ఓదెలు గారికి,

మీ ఉత్తరం ఫైలులో చేర్చబడింది. సంఘం ఆచారాలు రాసేందుకు మా ఫారంలో గడి లేదు. కాబట్టి ఆ పేరా పరిశీలించబడదు.

పోయిన వానాకాలం, తాను పనిచేసే మేడ్చల్ ఫ్యాక్టరీలో కోల్డ్ రూమ్ ఆగిపోయిన రోజున, మందులు పాడుకాకుండా కాపాడే నిర్ణయం తానే తీసుకున్నానని మీ అమ్మాయి రాశారు. అదే రోజు అదే నిర్ణయం తనదేనని మరొక అభ్యర్థి కూడా రాశారు. వారి పేరు చెప్పడానికి నియమాలు ఒప్పుకోవు. ఆ రోజు మీరు అక్కడ ఉన్నారని మీ అమ్మాయి పేర్కొన్నారు. చూసినది రాయగలరు.

భవదీయురాలు,
శేషారత్నం

తా.క.: మీ పొట్లాన్ని ఏ విభాగం తీసుకోవాలో తేలక రెండో గేటు వద్ద ఉంచాం. ఇప్పుడు ఉద్యోగులందరూ మొదటి గేటు నుంచే వస్తున్నారు.


షామీర్‌పేట,
జూన్ 15

దయగల శేషారత్నం అమ్మగారికి, మీ రెండో ఉత్తరం అందుకుని మరింత పొంగిపోయిన ఓదెలు రాసుకునేది.

ఉన్నానమ్మా, రెండు కళ్లతో చూశాను. ఆ రోజు పొద్దటి నుంచి కుండపోత. మధ్యాహ్నం బిడ్డ ఫోన్ చేసింది. ఎప్పుడూ 'తిన్నవా నాయినా' అని మొదలుపెట్టేది, ఆ రోజు అదీ లేదు.

"నాయినా, కరెంటు పోయింది. జనరేటర్ గదిల నీళ్లు జొచ్చినయ్. సంఘంల ఐసు ఎంతుంది? డబ్బాలెన్నున్నయ్? జల్దీ చెప్పు."

చేపలు పంపే థర్మకోల్ డబ్బాలు కొత్తవి అరవై వచ్చి ఉన్నాయి. ట్రాలీ ఆటోలో ఐసుతో సహా మేడ్చల్ పట్టుకుపోయాను. నేను చేరేసరికి ముప్పై మందిని మెట్ల మీద వరుసగా నిలబెట్టింది. ఎవరూ అరవలేదు, ఎవరూ ఉరకలేదు. మేము వల లాగినట్టే చేతుల మీదుగా మందుల పెట్టెలు దిగాయి. ఐసు తగలకుండా నడుమ ప్లాస్టిక్ పొర వేయించి, ఒక్కో డబ్బాలో ఒక్కో థర్మామీటర్ పెట్టించింది.

అంతలో వాళ్ల మేనేజర్ ధర్మేందర్ సారు ఫోన్ చేశారు. బహదూర్‌పల్లి ఇంటి నుంచి బయలుదేరి గండిమైసమ్మ చౌరస్తాలో నీళ్లలో చిక్కుకున్నారట. తానొచ్చేదాకా ఏదీ ముట్టవద్దని, ఏమన్నా అయితే తన పేరు పోతుందని అన్నారు. ఎంత బాధ్యతో చూడండి. బిడ్డ మాత్రం, "మీరొచ్చేదాక మేము ఆగుతం సార్, మందులు ఆగయి" అని ఫోన్ జేబులో వేసుకుంది. సాయంత్రం సారు వచ్చేసరికి పని అయిపోయింది. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి డబ్బాల పక్కన ఫొటో దిగారు. నన్ను కొంచెం జరగమన్నారు, జరిగాను.

ఒక్క మందూ పాడుకాలేదు. ఇంటికొచ్చే దారిలో ఇదంతా ఎవరి వల్ల అయిందని బిడ్డను పరీక్షగా అడిగాను. "మా సారు దయ నాయినా" అంది. నా కడుపు నిండింది.

కాబట్టి మా కట్టు ప్రకారం పెద్దమనిషి పేరు మీదనే చెబుతున్నాను. ఆ రోజు అంతా ధర్మేందర్ సారు దయ. ఇంత అణకువ గల బిడ్డ మీరు ఎన్ని పేపర్లలో ప్రకటన ఇచ్చినా దొరకదు.

ఇట్లు,
మీ మేలు మరువని
ఓదెలు

తా.క.: ఆ మరొక అభ్యర్థి ఎవరో గాని, ఒకరు చేసిన పనిని తనదని రాసుకున్నాడంటే మంచివాడు కాడు. అతన్ని రెండో గేటు నుంచి రమ్మనండి.


తుర్కపల్లి,
జూన్ 24

శ్రీ ఓదెలు గారికి,

మీ ఉత్తరం ఆరు పేజీలు. ఎంపిక కమిటీకి సమయం తక్కువ. కాబట్టి అవసరమైన ఒక్క వాక్యాన్ని వేరే కాగితం మీద ఎక్కించి పంపుతున్నాం: 'ఆ రోజు అంతా శ్రీ ధర్మేందర్ గారి వల్లనే జరిగింది.' దీని కింద సంతకం చేసి తిప్పి పంపగలరు. మీ అభిప్రాయం ఇది కాకపోతే సంతకం చేయనవసరం లేదు.

భవదీయురాలు,
శేషారత్నం

తా.క.: 'దయ'ను కొలిచే పద్ధతి కమిటీ వద్ద లేదు. అందుకే 'వల్లనే' అని మార్చాం.


షామీర్‌పేట,
జూన్ 28

మా ఇంటి వెలుగు శేషారత్నం అమ్మగారికి, కొత్త చొక్కా కుట్టించుకున్న ఓదెలు రాసుకునేది.

అమ్మా, మీ కమిటీ పెద్దలకు నా దండాలు. పెద్దను గౌరవించే గుణం ఈ ఇంట్లో ఉందా లేదా అని పరీక్ష పెట్టారు. నాకు తెలియదా? సంతకం చేశాను. ఒక్కడి సంతకమైతే ఆనదేమోనని సంఘంలో తిరిగి తొమ్మిది మంది వేలిముద్రలు వేయించాను. మొదటి ముద్ర గండయ్య అన్నదే. ఆ రోజు వాళ్లెవరూ మేడ్చల్‌లో లేరు. అయినా పెద్దమనిషి పేరు చెప్పడానికి అక్కడ ఉండనక్కర లేదు కదా.

సంతకం పెట్టే ముందు బిడ్డను ఒక మాట అడగమని దుర్గాబాయి పోరు పెట్టింది. పనిలో ఉన్న పిల్లను పరేషాన్ చేయడమెందుకని నేనే వద్దన్నాను. కొలువు కాగితం చేతికొచ్చాక ఒక్కసారే చెప్పి ఆశ్చర్యపరుస్తాను. గండిమైసమ్మకు కోడిని మొక్కాను. పూలదండ కూడా చెప్పి పెట్టాను.

ఇట్లు,
జనరల్ మేనేజర్ తండ్రి
ఓదెలు

తా.క.: వేలిముద్రల్లో ఒకటి కొంచెం పెద్దగా ఉంటుంది. సోమయ్య చేతికి కట్టు ఉండడంతో కాలి బొటనవేలు వేశాడు. మనిషి మాత్రం ఒక్కడే.


తుర్కపల్లి,
జులై 9

శ్రీ ఓదెలు గారికి,

మీ సంతకం, తొమ్మిది ముద్రలు కమిటీకి ఎంతో ఉపకరించాయి. ఇద్దరు అభ్యర్థుల్లో ఎవరి మాట నిజమో ఒక అభ్యర్థి కన్నతండ్రే తేల్చడం మా కంపెనీలో ఇదే మొదటిసారి. జనరల్ మేనేజర్‌గా శ్రీ ధర్మేందర్ గారు సోమవారం చేరుతున్నారు. చేయని పనిని చేసినట్టు రాసినందున మీ అమ్మాయి దరఖాస్తు తిరస్కరించబడింది.

అయినప్పటికీ ధర్మేందర్ గారు పెద్ద మనసుతో ఆమెను ఇక్కడ కూడా తన కింద సహాయకురాలిగా తీసుకోవాలని సిఫారసు చేశారు. 'ఎన్నడూ "నేను" అనని మనిషి' అని ఆమె గురించి రాశారు.

భవదీయురాలు,
శేషారత్నం

తా.క.: వారు చూపించిన ఫొటోలో, డబ్బాల అంచున, ఒక మోచేయి కనిపిస్తోంది. అది మీదేనా? రికార్డు కోసం.


షామీర్‌పేట,
జులై 16

శేషారత్నం గారికి ఓదెలు రాసేది.

ఆ మోచేయి నాదే.

మీ కాగితం వచ్చినప్పుడు నేను దండ తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నాను. తెలుగులోనే ఉంది కాబట్టి శృతి అవసరం పడలేదు. అయిదో తరగతి చదువుతో నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ అదే ఉంది.

ఆదివారం బిడ్డ వచ్చింది. నిలబడే చదివింది. తిట్టలేదు. కాగితం మడిచి ఒక్క మాట అడిగింది.

"నాయినా, గా దినం డబ్బాలు మోసింది ఎవరు?"

అలవాటు కొద్దీ నా నోట "పెద్దల దయ బిడ్డా" అని వచ్చింది. ఆమె నవ్వింది. దాని బదులు తిట్టినా బాగుండేది. "'నేను' అని గా ఒక్క మాట అనుడు నేర్చుకోనీకె నెల పట్టింది నాయినా" అని లోపలికి పోయింది. దుర్గాబాయి ఆ రోజు నుంచి నాకు అన్నం పెడుతోంది గాని కూర వడ్డించడం లేదు.

ధర్మేందర్ సారు కిందికి రానని బిడ్డ మీకు రాసే ఉంటుంది. మేడ్చల్‌లో ఆయన లేచిన కుర్చీకి దరఖాస్తు పెట్టింది. నకలు శృతి చదివింది. ఈసారి 'నేను'లు ముప్పై ఒకటి ఉన్నాయి. ఎరిగినవారి పేరు రాసే గడిలో నా పేరు లేదు, దుర్గాబాయి పేరుంది. ఆమెకు సంతకం రాదు. నోరు మాత్రం మేడ్చల్ దాకా వినిపిస్తుంది.

నా సంతకం తిప్పి ఇవ్వమని అడగను, ఇవ్వరని తెలుసు. ఫైలులో ఇంకొక్కటి చేర్చండి. ఆ రోజు నిర్ణయించింది నా బిడ్డ. డబ్బాలు తెచ్చింది నేను. సారు తెచ్చింది ప్యాంటు మడతలు. మా కట్టు ఏమిటో మొదటి ఉత్తరంలోనే రాశాను, మీరు గడి లేదన్నారు. దీనికీ గడి లేకపోతే ఫొటో అంచున రాయండి, మోచేయి పక్కన.

ఇట్లు,
ఓదెలు

తా.క.: నిన్న సంఘం మీటింగులో, తూము దగ్గర మునిగింది నేనని, రాయి మీద నా పేరు కూడా చెక్కాలని మొదటిసారి లేచి అడిగాను. సాక్షి ఎవరన్నారు. అప్పుడు కట్ట మీద నిలబడి చూసింది సుచిత్ర. తొమ్మిదేళ్ల పిల్ల, పైగా సొంత బిడ్డ, చెల్లదన్నారు. కన్నతండ్రి మాట చెల్లిన ఆఫీసు తుర్కపల్లిలో ఉందని చెప్పాను. దానికి గండయ్య అన్న అన్నాడు: "బిడ్డకు ఎదురు చెప్తె చెల్లుతది రా ఓదెలూ, బిడ్డ తరఫున చెప్తె చెల్లది." పెద్దమనిషి కదా, ఈ ఒక్క మాట మాత్రం ఆయన పేరు మీదనే రాస్తున్నాను.