చెవిలో చెప్పవలసిన ఒక్క పేరు

డబ్లిన్ నగరం టాలట్‌లో నివసిస్తున్న, కీర్తిశేషులు మధుసూదన్ గారి భార్య సత్యవాణి అనే నేను, అరవై మూడేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, మతి స్థిమితంగా ఉండగానే రాసి ఉంచుతున్న వీలునామా ఇది. నిన్న కోవిడ్ పాజిటివ్ అని తేలింది. దగ్గుంది, జ్వరముంది, మతి కూడా ఉంది. ఇదివరకు నేను రాసిన వీలునామాలేవీ లేవు.

1. నా ఇల్లు, సామాను, బ్యాంకులో ఉన్నది సర్వహక్కులతో నా ఏకైక కుమార్తె శ్రీలేఖకు చెందాలి. దీన్ని అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. హాట్ ప్రెస్‌లో, అంటే వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమరలో, తువ్వాళ్ల పై అరన పదిహేడుమంది దేవుళ్లున్నారు. వాళ్లను విడదీయవద్దు. వెచ్చగా ఉంటారని అక్కడ పెట్టింది మావారే.

2. నా పదకొండు నోటు పుస్తకాలు. ఇంతమంది దేవుళ్లలోంచి ఒక్క దేవుడు ఎలా పుట్టాడో ముప్పై ఏళ్లు చదివి రాసుకున్నాను. ఈజిప్టులో ఒక రాజు సూర్యబింబాన్ని తప్ప తక్కిన దేవుళ్లను కాదన్నాడు. ఆయన పోగానే పాత దేవుళ్లు తిరిగొచ్చారు, తర్వాతి రాజులు ఆయన పేరునే ఉలితో చెరిపించారు. యూదులు కూడా మొదట్లో వేరే దేవుళ్లు లేరనలేదు, మనం మొక్కేది ఈయనకే అన్నారు. గుడి కూలి, బబులోనుకు బందీలుగా పోయాక గానీ ఈయన తప్ప ఎవరూ లేరన్న మాట గట్టిగా రాలేదు. అన్నీ పోయినవాళ్లకే ఒక్కడు మిగిలాడని నా సిద్ధాంతం. శ్రీలేఖకు తెలుగు వినడమే వచ్చు, చదవడం రాదు. కాబట్టి వీటిని రీసైక్లింగ్ బిన్‌లో వేయవచ్చు.

3. నర్సు నూలాకు నా ఉప్పాడ చీర. కట్టుకోవడం రాకపోతే కిటికీకి తెరగా వేసుకోమనండి. కిందటేడు ఏప్రిల్‌లో, ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వని రోజుల్లో, మావారి మంచం పక్కనుంచి ఫోన్ చేసింది. ఆయనకు ఇక ఎంతోసేపు లేదు, మీ దేవుడి పేరు ఒక్కటి చెప్పండి, చెవిలో చెబుతాను అంది. ఆయనకు సోమవారం శివుడు, శనివారం వెంకన్న, కారెక్కితే ఆంజనేయుడు. మాకు ఒక్కడని లేడమ్మా అంటూ నేను వివరించడం మొదలుపెట్టాను. నారాయణ అనే మాట నా నోట వచ్చేసరికి అవతల ఆమె ఏడుస్తోంది. నేను తేల్చేదాకా ఆగలేక, ఆసుపత్రి ఫారంలో భార్యగా రాసి ఉన్న నా పేరే ఆయన చెవిలో చెప్పిందట. ఆయన కళ్లు తెరిచి తలుపు వైపు చూశారట. అక్కడ నేను లేను.

4. ఆడపడుచు నాగరత్నానికి నా బంగారు గాజులు. "చదవేస్తే ఉన్న మతి పోయిందంట, చెవిలో ఒక్క మాట చెప్పించలేకపోయావా వదినా" అని ఫోన్‌లో అంది. తొమ్మిది నెలలుగా నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె అన్నది నిజం. క్షమించి ఇస్తున్నానని అనుకోవద్దు, గాజులు ఆమె చేతికి సరిపోతాయి.

5. శ్రీలేఖా, ఇది పక్కింటి ఏసుదాసు గారు ఇవాళే నీకు ఫోన్‌లో చదివి వినిపిస్తారు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాక నీకూ ఫోన్ రావచ్చు. పేరు అడిగితే ఆలోచించకు. మధుసూదన్ అని చెప్పు. విష్ణువు పేరేనని మీ అత్త సంతోషిస్తుంది. నాకు మాత్రం అది మీ నాన్న పేరే. నేనూ కళ్లు తెరిచి తలుపు వైపు చూస్తాను. ఆయన రారు. తెలిసే రాస్తున్నాను.

టాలట్, 2021 జనవరి 9, శనివారం.

(సంతకం) సత్యవాణి

కిటికీ అవతల వానలో నిలబడి, ఈమె సంతకం చేయడం చూసి, ఈమె కళ్లెదుటే సంతకాలు చేసిన సాక్షులు:
ఏసుదాసు, పక్కింటివారు
హనుమత్ప్రసాద్, ఎదురింటివారు