ఆయన కాదన్నాను

అమ్మడికి,

అమ్మ ఆశీస్సులు. నేనూ, మీ పిన్నీ ఆరోగ్యంగానే ఉన్నాం. అందరం క్షేమమని రాయబోయి ఆగిపోయాను. మీ నాన్న జాడ తెలియకుండా ఆ మాట ఎలా రాయను?

నువ్వు అడిగినవన్నీ కనుక్కున్నాను. నాన్న రిటైరైన నీటి సరఫరా ఆఫీసుకే వెళ్ళాను. పెన్షన్లు చూసే అమ్మాయి మంచిది, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. బతికున్నట్టు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ అందలేదని ఆయన పెన్షన్ ఆపేశారట.

"వెతికినా దొరకలేదని పోలీసులు రాసిస్తే ఫ్యామిలీ పెన్షన్ మీకొస్తుందమ్మా. ఆయన తిరిగొస్తే తీసుకున్నది తిరిగి కట్టేస్తామని మీరు హామీ రాయాలి," అంది.

"మరి ఇన్సూరెన్స్?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "దానికి మనిషి పోయినట్టు రుజువు కావాలి. లేదంటే ఏళ్ళు ఆగి కోర్టుకెళ్ళాలి."

నేను సంతకం పెట్టలేదు. "బతికుండగానే నన్ను చంపేశావా అని మా ఆయనొచ్చి ఇల్లు పీకి పందిరేస్తారు" అని నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

నాన్న మతిమరుపు ముదిరిందా అని అడిగావు. ముదిరింది. వెళ్ళిపోయిన రోజు పొద్దున్న నన్నే "ఎవరండీ మీరు? మా ఆవిడేది?" అన్నారు. కంగారు పడతావని నీకు చెప్పలేదు. ఇప్పుడు గేటు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడుతున్నాను. ఆయనేమోనన్న ఆశ కాదు, పోలీసులేమోనన్న భయం.

ఇక అసలు సంగతి. ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. కాలవలో ఎవరో పెద్దాయన దొరికారని, సోమవారం పోలీసులు పెద్దాసుపత్రికి రమ్మన్నారు. పిన్నికి చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్ళాను. మార్చురీలో చలికి కాళ్ళు కొంకర్లు పోయాయి. "చూడండమ్మా" అని కానిస్టేబుల్ గుడ్డ తొలగిస్తూ తనూ ముఖం తిప్పుకున్నాడు.

"ఆయన కాదు" అన్నాను. అతను రాసుకున్నాడు. నేను బయటికొచ్చేశాను.

అమ్మడూ, నేను చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఆ మాట చెప్పాను.

అక్కడున్నది ఆయనే అయితే, కట్టుకున్న మనిషిని నా నోటితోనే దిక్కులేనివాణ్ణి చేసి వచ్చాను. శుక్రవారం దాకా ఉంచుతారట, ఎవరూ రాకపోతే వాళ్ళే సాగనంపేస్తారట. పెన్షనూ ఇన్సూరెన్సూ ఎటైనా పోనీ. మీ ఊరొస్తున్న పక్కింటి వ్యాన్ డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చదవగానే అతనితోనే బయలుదేరిరా. నువ్వు చెయ్యి పట్టుకుంటే కళ్ళు తెరుస్తాను.

ఇట్లు,
గుమ్మంలోనే నిలబడి ఎదురుచూస్తున్న
మీ అమ్మ